పేపరా, వికీపీడియానా? హాబ్స్ సెంచరీలు ఒకచోట 197, ఇంకోచోట 199 ఎందుకున్నాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలేజీ క్విజ్‌కి క్రికెట్ ప్రశ్నలు రాస్తుంటే ఇంగ్లండ్ పాతకాలపు బ్యాటర్ జాక్ హాబ్స్ ఫస్ట్‌క్లాస్ (టెస్టులతో సహా పెద్దస్థాయి మ్యాచ్‌ల) సెంచరీలు ఒకచోట 197 అనీ, ఇంకోచోట 199 అనీ కనిపించాయి. మీ తమ్ముడేమో "వికీపీడియాలో ఎవడు పడితే వాడు రాస్తాడు, పేపర్లో జీతం తీసుకుని రాస్తారు, కాబట్టి పేపరే కరెక్ట్" అంటున్నాడు. మీకు మాత్రం పేపర్లలో వచ్చే ట్రాన్స్‌ఫర్ (ఆటగాళ్లు క్లబ్ మారే) వార్తలు, డ్రెస్సింగ్ రూమ్ గొడవల వార్తలు సగం తేలిపోవడం చూసి వాటి మీదా నమ్మకం తగ్గింది. ఇంతకీ దేన్ని నమ్మాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. పేపరా, వికీపీడియానా అని చూడకండి, ఏ వాక్యమో చూడండి. ఒకే వార్తలో కళ్లు మూసుకుని నమ్మదగ్గ వాక్యం పక్కనే కాకమ్మ కథ కూర్చుని ఉంటుంది. వికీపీడియా పేజీలోనూ అంతే. ఆ వాక్యంలోని సంగతిని మొట్టమొదట ఎవరు చూశారు, ఎవరు లెక్కపెట్టారు, లేదా ఎవరు ఎవరికి చెప్పారు? ఇది తెలిస్తే వాడుకోండి. తెలియకపోతే క్విజ్‌లో పెట్టకండి. ఇక హాబ్స్ లెక్క సంగతి: 197, 199 రెండూ సరైనవే. ఎలాగో కాస్త ఆగి చెబుతాను.

నా సంగతి రెండు మాటల్లో. 20 ఏళ్లకు పైగా ఓ దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. చాలా ఏళ్లుగా తీరిక దొరికినప్పుడు వికీపీడియాలో ఆటల పేజీలు దిద్దుతుంటాను. రెండు చోట్లా తప్పులు చేసినవాణ్ణి. అందుకే రెండు చోట్లా తప్పు ఏ దారిన లోపలికి వస్తుందో కొంత తెలుసు.

మొదట పేపర్. రాత్రి మ్యాచ్ పదకొండు గంటలకి అయిపోతుంది, పేజీ పదకొండున్నరకి వెళ్లిపోవాలి. చాలా మ్యాచ్‌లకి మా రిపోర్టర్ గ్రౌండులో ఉండడు. వార్తా సంస్థ పంపిన ఏజెన్సీ కాపీ, ఎదురుగా టీవీ, అంతే. అయినా స్కోరు, ఎవరు ఎలా అవుటయ్యారు, గోల్ ఎన్నో నిమిషంలో పడింది లాంటివి దాదాపు తప్పు పోవు. లక్షల మంది చూసిన విషయం అది, పైగా క్రికెట్‌లో ఇద్దరు స్కోరర్లు పక్కపక్కన కూర్చుని ఒకరి లెక్క ఒకరితో సరిచూసుకుంటారు. అదే వార్తలో "ఎందుకు ఓడారు" అన్న పేరా ఉంటుంది చూడండి, అది వేరే జాతి. చివరి ఐదు ఓవర్లు మిగిలి ఉండగానే మేము రెండు ఇంట్రోలు (వార్త మొదటి పేరాలు) రాసి పెట్టుకునేవాళ్లం, ఒకటి గెలిస్తే, ఒకటి ఓడితే. ఆఖరి బంతి సిక్సయితే "మొక్కవోని ధైర్యం", క్యాచయితే "నిలకడలేమి". జట్టు అదే, ఆటా అదే, తేడా ఒక్క బంతి.

కోట్స్ మధ్య ఉన్న మాటల గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆటగాడు స్పానిష్‌లోనో హిందీలోనో మాట్లాడతాడు, ఏజెన్సీ దాన్ని ఇంగ్లీషులో పెడుతుంది, నేను రాత్రి పదిన్నరకి తెలుగులో పెడతాను. "కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు" అని కోట్స్‌లో చదువుతారు కదా, ఆ "ప్రాణం పెట్టి" ఆయనది కాదు, నాది. భావం సరిగానే ఉంటుంది, కానీ ఆ మాటలు అక్షరాలా ఆయనవి అనుకుని క్విజ్‌లో "ఈ మాటలు ఎవరన్నారు?" అని మాత్రం అడగకండి.

తెలుగు పేపర్లో వార్త ఎంత గట్టిదో క్రియాపదం చెప్పేస్తుంది. "ప్రకటించింది" అంటే ఎవరో పేరు పెట్టి, బాధ్యత తీసుకుని చెప్పారు. "తెలిపాడు" అంటే కనీసం ఒక మనిషి ఉన్నాడు. "తెలిసింది", "సమాచారం", "భోగట్టా" దగ్గరికి వచ్చేసరికి మనిషి మాయమైపోతాడు. "విశ్వసనీయ వర్గాలు" అంటే చాలాసార్లు ఒక్క ఫోన్ కాల్. ఆ ఫోన్ చేసినవాడు అబద్ధమే చెబుతున్నాడని కాదు, ఆయనకి ఒక పని కావాలి. ఏజెంటుకి తన ఆటగాడి జీతం పెరగాలి, అందుకే "ఇంకో పెద్ద క్లబ్ అడుగుతోంది" అని ఒక మాట వదులుతాడు. బోర్డులో ఒకాయనకి కెప్టెన్ నచ్చడు, అందుకే "జట్టులో అసంతృప్తి" అంటాడు. రిపోర్టర్ కల్పించి రాయడు, ఆయన విన్నదే రాస్తాడు. విన్నది నిజం, విషయం నిజమో కాదో వేరే సంగతి. ట్రాన్స్‌ఫర్ సీజన్లో వచ్చే వార్తల్ని నేను ఇలాగే చదువుతాను: ఇది బయటికి వస్తే ఎవరికి లాభం? దానికి జవాబు దొరికితే వార్త ఎక్కడ పుట్టిందో కూడా తరచుగా దొరుకుతుంది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం ఒకటి. ఓ విదేశీ ఫుట్‌బాల్ జట్టు మీద ప్రివ్యూ (మ్యాచ్‌కి ముందు వేసే పరిచయ వార్త) పెడుతున్నాం. పేజీలో ఆరు లైన్లు ఖాళీ మిగిలింది. ఖాళీ ఉంచకూడదు కదా, వికీపీడియా తెరిచి, ఆ జట్టు గోల్‌కీపర్‌కి అభిమానులు పెట్టిన ముద్దుపేరు, దాని వెనక కథ తీసుకుని నింపేశాను. కథ బాగుంది కూడా. మర్నాడు ఒక పాఠకుడు ఫోన్ చేసి "ఎక్కడిదండీ ఇది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వెనక్కి వెళ్లి పేజీ చరిత్ర చూస్తే, పేరు లేని ఎవరో అంతకు మూడు వారాల ముందు ఆ ఒక్క వాక్యం చేర్చి వెళ్లిపోయారు. ఇంకెక్కడా ఆ ముద్దుపేరు లేదు. అక్కడితో అయిపోలేదు. రెండేళ్ల తర్వాత అదే పేజీ చూస్తే ఆ వాక్యం ఇంకా ఉంది, ఇప్పుడు దాని పక్కన మూలం కూడా ఉంది. ఆ మూలం మా పేపరే! తేదీ చూస్తే నేను నింపిన ఆ ఆరు లైన్లే. నేనే వెళ్లి తీసేశాను. తీసేస్తే ఇంకో ఎడిటర్ వచ్చి "మూలం ఉన్న వాక్యాన్ని ఎందుకు తొలగించారు?" అని చర్చ పేజీలో నిలదీశాడు. ఆయన తప్పేం లేదు, నియమం ప్రకారం ఆయన అడిగింది సబబే.

ఇలా వికీపీడియా నుంచి పేపర్‌కీ, పేపర్ నుంచి మళ్లీ వికీపీడియాకీ తిరిగే చక్రానికి 2011లో ఒక కార్టూనిస్టు "సైటోజెనిసిస్" అని పేరు కూడా పెట్టాడు. ఆటల్లో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 2008 సెప్టెంబరుది. యూఈఎఫ్ఏ కప్‌లో మాంచెస్టర్ సిటీ సైప్రస్ క్లబ్ ఒమోనియా నికోసియాతో ఆడుతోంది. ఆ క్లబ్ అభిమానుల్లో ఒక చిన్న గుంపు పాత బూట్లతో చేసిన టోపీలు పెట్టుకుంటుందనీ, చిన్న బంగాళాదుంప మీద పాట పాడుతుందనీ ఎవరో కొంటెగా వికీపీడియాలో రాశారు. ఒక బ్రిటిష్ దినపత్రిక ప్రివ్యూలో అది యథాతథంగా అచ్చయింది. అది చదివినప్పుడు నేను నవ్వలేదు. ఆ రిపోర్టర్‌కి ఎన్ని లైన్లు ఖాళీ మిగిలిందో ఊహించుకున్నాను.

ఇంకా పెద్దది 2009 జనవరిలో. లండన్ టైమ్స్ ఎదుగుతున్న 50 మంది ఫుట్‌బాలర్ల జాబితా వేసింది. అందులో 30వ స్థానంలో మసాల్ బుగ్దూవ్ అనే 16 ఏళ్ల మాల్డోవా కుర్రాడు. ఆర్సెనల్ కన్నేసిందట కూడా. అలాంటి కుర్రాడు లేనే లేడు. ఎవరో ఓపికగా వార్తా సంస్థ కాపీలా కనిపించే నకిలీ కథనాలు తయారుచేసి ఫోరాల్లో పెట్టారు, వికీపీడియాలో ఆ పేరు చేర్చారు. వెతికినవాళ్లకి నాలుగైదు చోట్ల కనిపించింది, "ఇన్ని చోట్ల ఉంది కదా" అనుకున్నారు. ఆ పేరు ఐరిష్ భాషలో "నా చిన్న నల్ల గాడిద" అన్నట్టు పలుకుతుందని తర్వాత గుర్తించారు.

ఇదంతా ఇంటర్నెట్ తెచ్చిన తెగులు అనుకునేరు. 1941లో అమెరికాలో ఒక స్టాక్ బ్రోకరు ప్లెయిన్‌ఫీల్డ్ టీచర్స్ కాలేజ్ అనే లేని కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు కట్టి, ప్రతి శనివారం పేపర్లకి ఫోన్ చేసి స్కోర్లు చెప్పేవాడు. న్యూయార్క్ టైమ్స్‌తో సహా పేపర్లు వేశాయి. ఆ జట్టు స్టార్ ఆటగాడు జాన్ చంగ్ హాఫ్‌టైమ్‌లో అన్నం తింటాడు కాబట్టే అంత బలం అని కూడా ప్రచారం చేశారు. అప్పుడు వికీపీడియా లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. అదే సరిపోయింది.

ఇక వికీపీడియా గురించి. మీ తమ్ముడు చెప్పింది నిజమే, ఎవరైనా రాయొచ్చు. కానీ ఆయన చూడనిది ఒకటుంది: ఎవరైనా తీసేయొచ్చు కూడా, పైగా రాసిన ప్రతి అక్షరం చరిత్ర ట్యాబులో తేదీతో, టైముతో ఉండిపోతుంది. పేపర్లో నేను వేసిన ముద్దుపేరు ఎవరు రాశారో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు. వికీపీడియాలో ఆ వాక్యం ఏ రోజు వచ్చిందో రెండు నిమిషాల్లో దొరికింది.

అసలు తేడా పేజీకి పేజీకి ఉంటుంది. పదిమంది తిరిగే వీధిలో దొంగతనం కష్టం, నిర్మానుష్యమైన సందులో తేలిక. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో బెల్జియంతో మ్యాచ్‌లో అమెరికా గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ అడ్డుగోడలా నిలబడ్డాక, ఎవరో వికీపీడియాలో ఆయన్ని అమెరికా రక్షణ మంత్రిని చేసేశారు. అది నిలవలేదు. 2022 సెప్టెంబరులో ఆసియా కప్‌లో పాకిస్థాన్ మీద అర్ష్‌దీప్ సింగ్ క్యాచ్ వదిలేసిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన వికీపీడియా పేజీలో దేశం పేరు తీసేసి ఖలిస్థాన్ అని చేర్చారు. సుమారు పావుగంటలో ఆ మార్పుల్ని వెనక్కి తిప్పారు, ఎవరు పడితే వాళ్లు దిద్దకుండా పేజీకి సంరక్షణ పెట్టారు. కేంద్ర ఐటీ శాఖ వికీపీడియా వాళ్లని పిలిచి సంజాయిషీ అడిగేదాకా వెళ్లింది. గమనించాల్సింది ఏమిటంటే, పేజీలో తప్పు ఉన్నది పావుగంట, స్క్రీన్‌షాట్లు మాత్రం రోజుల తరబడి తిరిగాయి. చాలామంది ఆ తప్పును చూసింది వికీపీడియాలో కాదు, ఫోన్లకి వచ్చిన బొమ్మల్లో.

నిర్మానుష్యమైన సందుకి ఉదాహరణ 2005 నాటిది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ పేజీలో కెనడీ హత్యలతో ఆయనకి సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో రాసిన అబద్ధం దాదాపు నాలుగు నెలలు అలాగే ఉంది. ఆ తర్వాతే ఖాతా లేనివాళ్లు ఇంగ్లీష్ వికీపీడియాలో కొత్త పేజీలు సృష్టించకుండా ఆపారు. జీవించి ఉన్న వ్యక్తుల పేజీల నియమాలు ఆ తర్వాత బాగా బిగిశాయి. అయినా రెండో డివిజన్ ఆటగాళ్లవీ, ఎప్పుడో రిటైరైనవాళ్లవీ పేజీలు ఇప్పటికీ సందులే.

మన తెలుగు వికీపీడియా మీద ప్రేమతోనే ఒక మాట. 2003 డిసెంబరులో మొదలైంది, మంచి పని జరుగుతోంది, కానీ ఆటల పేజీల మీద కన్ను వేసి ఉంచే చేతులు తక్కువ. చాలా పేజీలు ఒకప్పుడు ఇంగ్లీషు నుంచి అనువదించి వదిలేసినవి. ఆటగాడు ఇంకో ఎనిమిదేళ్లు ఆడి రిటైరై కామెంటేటర్ కూడా అయిపోతాడు, పేజీలో మాత్రం ఇంకా "ప్రస్తుతం జట్టులో ఉన్నాడు". ఎవరి మోసమూ లేదు, కాలం దాటిపోయిందంతే. సమాచార పెట్టెలో గణాంకాల కింద ఒక తేదీ ఉంటుంది, ముందు అది చూడండి. వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని ఉంటే అది అలంకారం కాదని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ తమ్ముడి జీతం వాదన. క్రికెట్ గణాంకాలకి ఏ పేపరైనా ఇవాళ క్రిక్‌ఇన్ఫో తెరుస్తుంది. అది 1993లో మొదలైంది ఎలాగనుకున్నారు? విదేశాల్లో చదువుకుంటూ స్కోర్లు తెలియక అల్లాడిపోతున్న అభిమానులు, విద్యార్థులు జీతం లేకుండా స్కోర్‌కార్డులు టైపు చేసి పెట్టారు. ఫుట్‌బాల్‌లో పాత రికార్డులకి అందరూ చూసే ఆర్ఎస్ఎస్ఎస్ఎఫ్ కూడా 1994లో వాలంటీర్లు మొదలుపెట్టిందే. ట్రాన్స్‌ఫర్‌మార్క్‌ట్ సైట్లో ఆటగాళ్ల "మార్కెట్ విలువ" ఉంటుంది చూడండి, అది సభ్యులు చర్చించుకుని తేల్చే అంచనా. ఎవరూ ఆ ధరకి కొన్నట్టు కాదు. దాన్ని తీసుకుని పేపర్లో "ఇన్ని కోట్ల విలువైన ఆటగాడు" అని వేస్తాం. జీతం లేనివాళ్ల అంచనా, జీతమున్నవాడి చేతిలో పడ్డాక, నిజంలా కనిపిస్తుంది.

హాబ్స్ దగ్గరికి వద్దాం. ఇందులో మనకి కాస్త దగ్గరి కథ ఉంది. 1930-31లో విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ, సొంత జట్టు కట్టి భారత్‌లో, సిలోన్‌లో మ్యాచ్‌లు ఆడించాడు. ఇంగ్లండ్ నుంచి హాబ్స్‌నీ, ఇంకో పేరున్న బ్యాటర్ సట్‌క్లిఫ్‌నీ పిలిపించుకున్నాడు. హాబ్స్‌కి అప్పటికి 48 ఏళ్లు. ఆ మ్యాచ్‌ల్లోనూ పరుగులు చేశాడు, సెంచరీలూ కొట్టాడు. అవి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లా, సరదా మ్యాచ్‌లా అన్నదే తగువు. ఏటా వచ్చే క్రికెట్ గ్రంథం విజ్డెన్ సంప్రదాయ లెక్క వాటిని కలపదు: 61,237 పరుగులు, 197 సెంచరీలు. క్రికెట్ గణాంకవేత్తల సంఘం కలుపుతుంది: 61,760 పరుగులు, 199 సెంచరీలు. హాబ్స్ ఆడిన ఇన్నింగ్స్ మీద ఎవరికీ అనుమానం లేదు. గిరి ఎక్కడ గీయాలన్నదే పేచీ. డబ్ల్యూ.జి. గ్రేస్‌కీ ఇదే బాధ, 126 సెంచరీలని కొందరు, 124 అని కొందరు.

కొత్త రికార్డులకీ ఇది తప్పలేదు. మురళీధరన్ 800 టెస్టు వికెట్లలో ఐదు శ్రీలంకకి ఆడి తీసినవి కావు, 2005లో సిడ్నీలో వరల్డ్ ఎలెవన్ తరఫున ఆస్ట్రేలియా మీద తీసినవి. ఐసీసీ ఆ మ్యాచ్‌కి టెస్టు హోదా ఇచ్చింది, బీబీసీ స్కోరర్ బిల్ ఫ్రిండాల్ మాత్రం తన లెక్కల్లో దాన్ని కలపనని భీష్మించాడు. పీలే 1,279 గోల్స్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లవీ, సైనిక జట్టుకి ఆడినవీ ఉన్నాయి. రెండు అంకెలు కనిపిస్తే ఏది తప్పు అని కాకుండా, ఏది దేన్ని కలిపింది అని అడగండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

అంకెల మీద మరీ భక్తి కూడా వద్దులెండి. 2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో సిరాజ్ బంతి 181.6 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని టీవీ తెర చూపించింది. మెషిన్ పొరపాటు. 2020లో అయితే శ్రీలంకలోని బదుల్లాలో జరుగుతోందని చెప్పిన ఒక టీ20 లీగ్ నిజానికి చండీగఢ్ దగ్గర ఒక గ్రామంలో ఆడుతున్నదని బయటపడింది. ఆన్‌లైన్‌లో ప్రసారం, స్కోరు, అన్నీ ఉన్నాయి. స్కోర్‌కార్డు ఉంది కదా అని టోర్నీ ఉన్నట్టు కాదు.

"రెండు మూడు చోట్ల చూసి నిర్ధారించుకుంటాను" అని మీరు రాశారు. మంచి అలవాటే, కానీ అది ఎక్కడ బెడిసికొడుతుందో చెబుతాను. 2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ చనిపోయాడని ప్రపంచమంతా వార్త వచ్చింది. పదులకొద్దీ సైట్లు, పేపర్లు, మాజీ ఆటగాళ్ల సంతాపాలు. కొన్ని గంటల్లో స్ట్రీక్ స్వయంగా తాను బతికే ఉన్నానని చెప్పాడు. వెనక్కి తవ్వుకుంటూ వెళితే ఆ హడావుడికి ప్రధాన ఆధారం ఆయన పాత సహచరుడు హెన్రీ ఒలోంగా పెట్టిన ఒక పోస్టు. ఆ పోస్టు పెట్టిన మనిషి మంచివాడే, తనూ విన్నదే రాశాడు, నిజం తెలియగానే దిద్దుకున్నాడు. స్ట్రీక్ ఆ తర్వాత పదకొండు రోజులకి, సెప్టెంబరు 3న, నిజంగానే కన్నుమూశాడు. ఆ రోజు వార్త వస్తే డెస్కులన్నీ ఒకటికి పదిసార్లు చూసుకుని ఉంటాయి. నేను చెప్పేదేమంటే, చోట్లు లెక్కపెట్టకండి, మొదళ్లు లెక్కపెట్టండి. వంద సైట్లు ఒకే మొదలు నుంచి వస్తే అది ఒక్క సాక్ష్యమే.

మరి పేపర్లు ఎందుకు పనికొస్తాయి? జనం కలిసి రాసేది చేయలేని పని ఒకటుంది కాబట్టి. వికీపీడియాలో మౌలిక పరిశోధన చేయకూడదు, ఎక్కడో అచ్చయినదే రాయాలి. అంటే తలుపు తట్టి, కాగితాలు తవ్వి, కేసులకి ఎదురు నిలిచి కొత్త నిజం తెచ్చేది పాత్రికేయులే. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద సండే టైమ్స్ ఏళ్ల తరబడి అనుమానాలు రాస్తే, ఆయన కేసు వేశాడు, 2006లో పేపరే డబ్బు కట్టి రాజీపడింది. 2012లో ఆయన డోపింగ్ రుజువై ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లు పోయాయి, మరుసటి ఏడాది ఆయనే పేపర్‌తో రాజీకి వచ్చాడు. మధ్యలో ఆ ఆరేళ్లు, అందరూ ఒప్పుకున్న మాట తప్పు, ఒంటరిగా ఉన్న మాట ఒప్పు.

అయితే పేపర్ పేరు చూసి కూడా పడిపోవద్దు. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్థాన్ ఆటగాళ్ల స్పాట్ ఫిక్సింగ్ బయటపెట్టింది న్యూస్ ఆఫ్ ది వరల్డ్. నో బాల్స్ ఎప్పుడు పడతాయో ముందే రికార్డు చేసి చూపించింది, ముగ్గురు ఆటగాళ్లు జైలుకెళ్లారు. ఆ శిక్షలు పడేలోపే, 2011 జులైలో, ఫోన్ హ్యాకింగ్ కుంభకోణంలో ఆ పేపరే మూతపడింది. ఒకే పేపర్ పేరు కింద అదీ, ఇదీ.

తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2012లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు మాంటై టెయో ప్రియురాలు క్యాన్సర్‌తో చనిపోయిందనీ, ఆ దుఃఖంలోనే అద్భుతంగా ఆడాడనీ పెద్ద పెద్ద పత్రికలు, చానెళ్లు కంటతడి కథనాలు ఇచ్చాయి. 2013 జనవరిలో డెడ్‌స్పిన్ అనే బ్లాగు వాళ్లు ఆమె మరణ రికార్డు కోసం వెతికారు. లేదు. ఆమె చదివిందన్న యూనివర్సిటీలో ఆమె పేరు వెతికారు. లేదు. అసలు ఆ అమ్మాయే లేదు. ఎవరో ఆన్‌లైన్‌లో ఆటగాణ్ణే మోసం చేశారు. పెద్ద పత్రికల్లో ఆ వెతుకులాట ఎందుకు జరగలేదో నేను ఊహించగలను. చనిపోయిన మనిషి గురించి, ఏడుస్తున్న కుర్రాణ్ణి "నిజమేనా?" అని ఎవరడుగుతారు? మరీ గుండెల్ని పిండేసే కథ, మరీ ముచ్చటైన కథ ఎదురైతే అక్కడే ఆగండి. పొడి అంకెల్లో వచ్చే తప్పుల కన్నా, తీయగా ఉన్న ముక్కల్లో వచ్చే తప్పులే ఎక్కువ కాలం బతుకుతాయి, ఎవరికీ వాటిని తీసేయబుద్ధి కాదు.

మీ ప్రశ్నల జాబితాలో ఒకటి చూశాను: "1950 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో భారత్ ఎందుకు ఆడలేదు? జవాబు: బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారు కాబట్టి." ఇది పేపర్లూ, ఆన్‌లైన్ జనం, అందరం కలిసి దశాబ్దాల పాటు మోసిన కథ. నేనూ ఒకసారి బాక్స్ ఐటమ్‌గా పెట్టాను. దీన్ని విప్పడానికి రహస్య పత్రాలేం అక్కర్లేదు, పక్క తేదీలు చూస్తే చాలు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. అది చూసి ఫిఫా నిషేధించిందని కథ. అలాగైతే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మళ్లీ ఉత్తకాళ్లతో ఎలా ఆడారు? ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు, ఆ తర్వాతే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1950లో వెళ్లకపోవడానికి జట్టు ఎంపికలో గొడవలు, ప్రాక్టీసుకి టైము లేకపోవడం, అన్నిటికీ మించి అప్పట్లో ప్రపంచకప్ కన్నా ఒలింపిక్సే గొప్పనుకోవడం కారణాలు. నాటి కెప్టెన్ శైలేన్ మన్నా కూడా బూట్ల సంగతి తర్వాత చెప్పుకున్న సాకని అన్నాడు. కానీ "సమాఖ్య అలసత్వం" అంటే ఎవరికీ గుర్తుండదు, ఉత్తకాళ్ల కథ అందరికీ గుర్తుంటుంది.

మీరు ప్రతి ప్రశ్నకీ ఇంత తవ్వక్కర్లేదు. స్కోర్లు, తేదీలు, విజేతలు అయితే ఒక మంచి డేటాబేస్ చూసి వదిలేయండి. "మొట్టమొదటి", "ఏకైక", "అత్యధిక" అన్న మాటలుంటే మాత్రం ఏ తేదీ వరకు, ఏ మ్యాచ్‌లు కలిపి అన్నది ప్రశ్నలోనే రాయండి. ముద్దుపేర్లు, మైదానం బయటి కథలు, ఎవరో ఎవరితోనో అన్న మాటలు అయితే వికీపీడియా వాక్యం చివర ఉన్న మూలం నొక్కి, అది నిజంగా ఆ మాట చెబుతోందా అని చదవండి. లింకు ఉంటుంది, తెరిస్తే అందులో ఆ మాటే ఉండదు, ఇలాంటివి నేను వారానికి ఒకటైనా చూస్తాను. ఉన్నా, ఆ వార్త తేదీ వికీపీడియాలో వాక్యం చేరిన తేదీకి ముందా, తర్వాతా అని చరిత్ర ట్యాబులో చూసుకోండి. తర్వాతదైతే నా ముద్దుపేరు కథ గుర్తు తెచ్చుకోండి. తప్పు దొరికితే మీరే దిద్దండి, ధైర్యం చాలకపోతే చర్చ పేజీలో మూలంతో సహా రాయండి, ఎవరో ఒకరు చూస్తారు. పేపర్లో తప్పయితే డెస్కుకి ఫోన్ చేయండి. నాకు ఫోన్ చేసినాయన పేరు తెలియదు కానీ ఆయన మేలు మర్చిపోలేదు.

హాబ్స్ ప్రశ్నని ఇలా మార్చుకోండి: "జాక్ హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు విజ్డెన్ లెక్కలో 197 అయితే, గణాంకవేత్తల సంఘం లెక్కలో 199. ఈ రెండు సెంచరీల తేడాకి కారణమైన మ్యాచ్‌లు ఎవరి జట్టు తరఫున ఆడినవి?" జవాబు విజయనగరం మహారాజకుమార్. మొదటి ప్రశ్న కన్నా ఇదే బాగుంటుంది, ఎవరూ లేచి వాదించడానికీ ఉండదు. 1950 ప్రశ్నని మాత్రం ఒప్పో తప్పో రౌండులోకి మార్చండి, మీ తమ్ముణ్ణే మొదట అడగండి.